జపనీసుకు తరుగెంత?

గుద్దుకున్న కారు దగ్గరికి వెళ్ళినా, కాలిపోయిన కొట్టు దగ్గరికి వెళ్ళినా ఆ ఇన్సూరెన్సు సర్వేయరు నష్టపోయినవాడి మొహం చూడడు. చూస్తే మనసు మెత్తబడుతుందని కాదు, ఆ జబ్బు ఆయనకి లేదు. మొహం వల్ల క్లెయిములో తేడా ఏమీ రాదు గనక చూడడు. వస్తువు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరుగుతాడు. వేలి కణుపుతో అక్కడా ఇక్కడా తట్టి వింటాడు. నాలుక చప్పరిస్తాడు. అప్పుడు తలెత్తకుండానే అడుగుతాడు, "ఇది కొని ఎన్నేళ్ళయింది?" అని.

ఎన్నేళ్ళని చెప్పినా పెదవి విరిచే తీరులో మార్పుండదు. "తరుగు పోను..." అని మొదలుపెడతాడు. కంపెనీ ఆయన్ని పంపేది నష్టం ఎంతో తేల్చమని. ఆయన తేల్చుకొచ్చేది, పాడవకముందు కూడా ఆ వస్తువు ఎంత పనికిమాలినదో. గ్యారేజీల్లో ఆయన్ని పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. "తరుగు వస్తున్నాడు, టీ చెప్పండి" అంటారు. ఆ టీ తాగి, గ్లాసు అంచు పెచ్చు లేచిందని చెప్పి మరీ వెళ్ళే మనిషి.

ఒకసారి జిరాక్సు కొట్టు ఒకటి తగలబడితే చూడ్డానికి వెళ్ళాడు. కొట్టాయన మెట్టు మీద కూలబడి, మసి పట్టిన చేతుల్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. సర్వేయరు లోపలికెళ్ళి, కరిగిపోయిన మిషన్లన్నీ చూసుకుని బయటికొచ్చి, "ఆ గోడ గడియారం కాలకముందు టైము సరిగ్గా చూపించేదా?" అని అడిగాడు. కొట్టాయన ఏడుపు ఆపేశాడు. ఆ ప్రశ్నకి ఏడవాలో తన్నాలో ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

ఆయన పక్షాన ఒక్క మాట చెప్పాలి. చెయ్యి చాచే రకం కాదు. పైసా లంచం ముట్టలేదు, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా చెయ్యలేదు. నిఖార్సయిన నిజాయితీపరుడు. ఆ నిజాయితీతోనే చుట్టుపక్కల వాళ్ళందర్నీ వేపుకు తిన్నాడు.

ఇదంతా ఉద్యోగంలే అని సరిపెట్టుకోవచ్చు. కానీ సాయంత్రం బూట్లు గుమ్మం దగ్గర విప్పేవాడే తప్ప ఆ కళ్ళు విప్పేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో మామగారు ఇనప బీరువా ఒకటి ఇస్తే, అందరి ముందూ దాని తలుపు తట్టి, "రేకు పల్చన. ఎన్నాళ్ళో నిలబడదు" అన్నాడు. మామగారు నవ్వబోయి మానుకున్నారు. ఆ బీరువా ఇవాళ్టికీ పడగ్గదిలో నిక్షేపంగా ఉంది, మామగారే లేరు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "వాడకం తక్కువ గనక నిలబడింది" అంటాడు.

ఇలాంటి మనిషి మాటని ఇంటిల్లిపాదీ ఎందుకు నెత్తిన పెట్టుకున్నారని అడగొచ్చు. కారణం ఒక వ్యాను. వాళ్ళ చిన్నాన్న ఒకాయన పాత వ్యాను కొనబోతుంటే, ఈయన కిందకి దూరి చూసి, చాసిస్ విరిగితే అతుకేసి రంగు పూశారని పట్టేశాడు. ఆ వ్యాను కొన్నవాడెవడో నెల తిరక్కుండా నడిరోడ్డు మీద రెండు ముక్కలతో నిలబడ్డాడు. అంతే. ఆ ఒక్క వ్యాను ఈయన్ని చెడగొట్టింది. ఆ రోజు నించీ ఆ కుటుంబంలో కుర్చీ కొనాలన్నా, కొత్త పని మొదలుపెట్టాలన్నా "ఆయన్ని ఒకసారి చూడనిద్దాం" అనేది చట్టమైపోయింది.

ఆయన చూశాడు. కూతురు ఎనిమిదో తరగతిలో వయొలిన్ నేర్చుకుంటానంటే, టీచరు ఇంటికెళ్ళి బయట నిలబడి కాసేపు విని వచ్చి, "నీ వేళ్ళు పొట్టి, దండగ" అన్నాడు. ఆ పిల్ల పెద్దదై వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాక ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ పని చేసినా అయిపోయాకే తండ్రికి చెబుతుంది. ఇల్లు మారి సామాను సర్దుకున్నాక, "నాన్నా, ఇల్లు మారాను" అని ఫోను చేస్తుంది. ఆయన దాన్ని బాధ్యత తెలియని తరం అంటాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ బావమరిదికి తగిలింది. సర్వేయరు భార్యకి ఒక్కడే తమ్ముడు. చేతిలో పని ఉన్నవాడు, పిండి ముట్టుకుంటే అది అతని మాట వినేది. బస్టాపు ఎదురుగా ఖాళీ గది చూసుకుని బేకరీ పెడతానన్నాడు. సర్వేయరు ఆ గది ముందు నిలబడి, షట్టరు తట్టి, దారినపోయే జనాన్ని చూసి, "వీళ్ళంతా బస్సు కోసం పరిగెత్తేవాళ్ళు, ఆగి తినేవాళ్ళు కారు" అన్నాడు. బావమరిది ఆ సాయంత్రమే గది వదిలేశాడు. తర్వాత ఎవరో వచ్చి అదే గదిలో బేకరీ పెట్టారు. జనం బస్సులు వదులుకుని మరీ అక్కడ వరస కడుతున్నారు. బావమరిది పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా చేరి రోజూ ఆ వాసన పీలుస్తూ బస్సెక్కుతాడు. "ఇంకొన్నాళ్ళు ఆగు, మూసేస్తారు" అని సర్వేయరు ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

అలాంటప్పుడల్లా భార్య మాట మార్చేది. "కూర చల్లారిపోతోంది" అనో, "ఫ్యాను కొంచెం తగ్గించండి" అనో ఏదో ఒకటి అనేది. తమ్ముడి మొహం ముడుచుకోకుండా, మొగుడి మాట పడిపోకుండా మధ్యలో దూరి సర్దేయడం ఆమెకి అలవాటు. పెళ్ళయిన దగ్గర్నించీ ఆ ఇంట్లో ఆమె చేసిన అతి పెద్ద ఉద్యోగం అదే. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది. నర్సింగ్ హోములో ఎక్స్‌రేలు తీస్తుంది. సీసపు ఏప్రాను కట్టుకుని అద్దం వెనక నిలబడి, "ఇలా తిరగండి. ఊపిరి బిగపట్టండి. కదలకండి. ఇక వదలండి" అంటుంది. పొద్దుట నించి సాయంత్రం దాకా ఆమె నోట్లోంచి వచ్చేవి ఆ నాలుగు మాటలే. ఇంటికొచ్చాక అవీ అక్కర్లేదు.

ఈమె కూడా ఏవేవో అడిగి చూసింది. స్కూటరు నేర్చుకుంటానంది. "నీకు బ్యాలెన్సు ఉండదు" అన్నాడు. ఈత అంది. "ఈ వయసులోనా" అన్నాడు, అప్పుడామెకి ముప్ఫై దాటి ఎంతో కాలేదు. ఆమె వాదించేది కాదు. సరేనని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయనకి అది ఒప్పుకోలుగా కనబడేది.

అందుకే ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె చెప్పిన మాట ఆయనకి వెంటనే ఎక్కలేదు.

"నేను జపనీసు నేర్చుకుంటున్నాను" అంది ఆమె.

"ఏమిటీ?"

"జపాను వాళ్ళ భాష. మొదటి కోర్సు అయిపోయింది. సాయంత్రం డ్యూటీ ఉందని వెళ్ళేదాన్ని కదా, డ్యూటీ లేదు. రెండోది మొదలవుతుంది. ఇహనించి క్లాసున్న రోజుల్లో మీ భోజనం మీరే పెట్టుకోవాలి. డ్యూటీ అని అబద్ధం చెప్పడం విసుగ్గా ఉంది, అందుకని చెబుతున్నాను."

సర్వేయరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భార్య అబద్ధమాడిందన్నది ఆయన్ని పెద్దగా పట్టలేదు. తను చూడకుండా, తట్టకుండా, పెదవి విరవకుండా ఈ ఇంట్లో ఒక పని మొదలై సగం దూరం నడిచేసింది. అదీ ఆయనకి మింగుడుపడనిది.

"ఎందుకూ?" అన్నాడు.

"ఊరికే."

"ఊరికే ఎవరైనా నేర్చుకుంటారా? ఉద్యోగానికా? జపాను వెళతావా? అక్కడ మనకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి?"

ఆమె పళ్ళెం తీసుకుని లేచింది. కారణం ఏదైనా ఒకటి చెప్పి ఉంటే ఆయన ప్రాణం హాయిగా ఉండేది. దాన్ని తట్టి, పగులు ఎక్కడుందో చూపించి, తరుగు తీసి, తుక్కు కింద కట్టేసేవాడు. కారణమే చేతికి ఇవ్వకపోతే ఎంతటి సర్వేయరైనా ఏం చేస్తాడు? "సరే, నేనొకసారి వచ్చి చూస్తాను. చూసి తేలుస్తాను" అన్నాడు చివరికి.

"చూడండి" అంది ఆమె, కుళాయి తిప్పుతూ.

ఈ సంగతి బావమరిది చెవిన పడింది. మర్నాడు పార్సిల్ ఆఫీసు నించి తిన్నగా అక్క పనిచేసే చోటికి వెళ్ళి, ఎక్స్‌రే గది బయట బల్ల మీద పేషెంట్ల మధ్య కూర్చుని, ఆమె బయటికొచ్చేదాకా కాచుకున్నాడు.

"అక్కా, బావని అక్కడికి రానివ్వకు" అన్నాడు.

"వస్తే ఏమవుతుందిరా?"

"నీకు తెలీదా? ఆయన చూశాడంటే అయిపోయినట్టే. నువ్వు మానేస్తావు. మానెయ్యమని ఆయన అనక్కర్లేదు కూడా. నాకు ఆయనేమన్నా గది వదిలెయ్యమన్నాడా? ఆ షట్టరు తట్టి అలా మొహం పెట్టాడు, అంతే. నా కాళ్ళలో బలం పోయింది."

ఆమె తమ్ముడి మొహంలోకి చూసి, "చూడనీ. నేనూ చూస్తాను, నా కాళ్ళలో బలం ఎంతుందో" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వినబడింది ఊపిరి బిగపట్టమనే మాటే. ఆ మాటలన్నీ బావమరిది తర్వాత చెబితేనే బయటపడ్డాయి. సర్వేయరుకి అప్పుడు తెలిసి ఉంటే, కాళ్ళ బలానికి కూడా తరుగు కట్టి ఉండేవాడు.

జపనీసు క్లాసు, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక గదిలో. ఒకప్పుడు చిన్నపిల్లల ట్యూషన్లు నడిచిన చోటు. బల్లలు ఆ పిల్లల కొలతకి చేసినవే, పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డం దాకా మడుచుకుని కూర్చోవాల్సిందే. సర్వేయరు చెప్పాపెట్టకుండా, క్లాసు మొదలవ్వడానికి కాస్త ముందే వెళ్ళాడు. కాలిన కొట్టుకైనా ఆయన అలాగే వెళతాడు, సర్దుకునే అవకాశం ఇవ్వకుండా. మెట్ల కమ్మీ ఊపి చూశాడు. ఊగింది. గోడకి చెమ్మ. బోర్డు మీద నిన్నటి అక్షరాలు, పిచ్చుక గూళ్ళలా. ఆయన మనసు కుదుటపడింది.

టీచరమ్మ ఒక సన్నపాటి మనిషి. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో జపాను ఇంజనీర్ల పక్కన నిలబడి వాళ్ళ మాటలు వీళ్ళకీ వీళ్ళ మాటలు వాళ్ళకీ అందించే పని చాలాకాలం చేసిందట. రెండు పక్కలా చెప్పిన అర్థంలేని మాటలన్నీ మోసి మోసి, మనుషులంటే ఒక రకమైన చిన్నచూపు ఏర్పడింది ఆమెకి. అది మొహంలోనే కనిపిస్తోంది. ఇద్దరూ ఒక జాతివాళ్ళే కాబట్టి ఆమె ఆయన్ని చూడగానే పోల్చుకుంది.

"చేరడానికి వచ్చారా, చూడ్డానికి వచ్చారా?"

"చూడ్డానికి. ఎన్ని అక్షరాలండీ దీంట్లో?"

"మూడు రకాలున్నాయి."

"ఒక భాషకి మూడు రకాలా? ఒకటితో జరగదా?"

"జరగదు."

"ఇంతా కష్టపడి నేర్చుకుంటే ఏమొస్తుంది?"

"జపనీసు వస్తుంది" అంది టీచరమ్మ. బోర్డు తుడుచుకుంటూ, "వెనక బల్ల ఖాళీగా ఉంది, కూర్చోండి. మీ పేరు ఇప్పుడే అడగను. చాలామంది రెండోసారి రారు" అంది.

సర్వేయరు వెళ్ళి వెనక బల్ల మీద ముడుచుకు కూర్చున్నాడు.

ఒక్కొక్కరే వచ్చారు. భార్య వచ్చింది. గుమ్మంలో ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగి, ముందు బల్ల దగ్గర తన చోటుకి వెళ్ళి కూర్చుంది. పలకరించలేదు, అలాగని మొహం తిప్పుకోనూ లేదు. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి ఏదో అంటే నవ్వింది. ఆయన పక్కన వచ్చి కూర్చున్నది పాత కుట్టు మిషన్ల వ్యాపారి. బొద్దుగా, నూనె మరకల చొక్కాతో ఉన్నాడు. కూర్చోగానే మాటలు మొదలెట్టే రకం. జపాను నించి పాత మిషన్లు తెప్పించి బాగుచేసి అమ్ముతాడట. "కొత్తవారా? ఏం భయంలేదు, నాకూ ఏమీ రాదు. పక్కనే ఉన్నాగా, ఎవరేమన్నారో చెబుతా" అన్నాడు. ఈయన ఎవరి తాలూకో ఆ మనిషికి తెలియదు.

టీచరమ్మ ఆ రోజు ప్రతివాళ్ళూ లేచి, ఈ భాష ఎందుకు నేర్చుకుంటున్నారో ఆ భాషలోనే చెప్పాలంది. కోర్సు మొదలైన ప్రతిసారీ అదే అడుగుతుందట. సర్వేయరు చొక్కా సర్దుకున్నాడు. క్లెయిములు వాటంతటవే ఆయన ముందుకి నడిచొస్తున్నాయి.

మొదట లేచింది ఒక కంప్యూటరు కుర్రాడు. తడుముకుంటూ ఏదో చెప్పి కూర్చున్నాడు. "కంపెనీలో జీతం పెంచుతారట" అని మిషన్లాయన చెవిలో అన్నాడు. సర్వేయరు మనసులో పెదవి విరిచాడు. ఒక భాషని ఇంకో భాషలోకి మార్చే పని ఇప్పుడు ఫోనే చేస్తుంది, నువ్వు నేర్చేలోపు నీ కంపెనీకి నువ్వే అక్కర్లేకుండా పోతావు. తర్వాత భార్య పక్కనున్న అమ్మాయి. "బొమ్మల సినిమాలు చూస్తుందట, కింద అక్షరాలు చదవకుండా చూడాలనట." రెండేళ్ళలో మొహం మొత్తుతుంది. తర్వాత రిటైరైన బ్యాంకు క్యాషియరు, చేతికర్రతో లేచాడు. "మతిమరుపు రాకుండా కొత్తదేదైనా నేర్చుకోమని డాక్టరు చెప్పాట్ట." ఎలాగూ మర్చిపోయేవాడికి ఇంకో భాష ఇచ్చి మరపించడం దేనికి? ఇక మిషన్లాయన. తన సంగతి తనే చెప్పి, తప్పులకి తనే నవ్వి కూర్చున్నాడు. నాలుగు మిషన్లు అమ్ముకునేవాడికి ఇంత గొడవ ఎందుకు, చెయ్యి చూపించి బేరం చేసుకోలేడా?

ఒక్కొక్క కారణాన్నీ తట్టి పక్కన పడేస్తుంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళాక చెప్పబోయే మాట అప్పుడే నాలుక మీద తయారైంది. దండగ. ఒక్క మాట చాలు, బావమరిది కూడా వింటాడు.

అప్పుడు భార్య లేచింది.

ఆమె ఒక్క వాక్యం చెప్పింది. పొడుగైనది కాదు. మధ్యలో ఒకచోట తప్పు పలికినట్టుంది, టీచరమ్మ వేలెత్తితే నుదురు కొట్టుకుని నవ్వి, మళ్ళీ చెప్పింది. సర్వేయరు అది చూసి తెల్లబోయాడు. ఆమె తప్పు చెయ్యడం ఆయనెన్నడూ చూడలేదు. అది గొప్పతనం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తప్పు చెయ్యడానికి ముందు ఏదో ఒకటి చెయ్యనివ్వాలి కదా మనిషిని.

ఆమె కూర్చుంది. గదిలో ఎవరూ నవ్వలేదు. చేతికర్రాయన మెల్లిగా తలూపాడు.

"ఏమందావిడ?" అన్నాడు సర్వేయరు. ఎవరో తెలియని మనిషి గురించి అడిగినట్టే అడిగాడు.

మిషన్లాయన ఒంగి, గొంతు తగ్గించాడు. "'ఈ భాష మా ఇంట్లో ఎవరికీ రాదు, అందుకే నేర్చుకుంటున్నాను' అంది. మొదటిరోజు నించీ ఇదే చెబుతుంది. అప్పుడు తెలుగులో చెప్పింది, ఇప్పుడు జపనీసులో చెప్పింది, అంతే తేడా. మొదట్లో మేం నవ్వాం. తర్వాత ఎందుకో నవ్వలేకపోయాం."

"అదేం కారణం?" అన్నాడు సర్వేయరు.

"మనకేం తెలుస్తుంది సార్. ఇంట్లో అన్నీ తెలిసిన మహానుభావుడు ఎవడో ఉండుంటాడు. ఆవిడని చూస్తే అలాగే అనిపిస్తుంది నాకు. ఎక్కడో ఒకచోట వాడికి తెలియనిది ఉండాలని వెతుక్కుని, ఇంతదూరం వచ్చింది పాపం."

సర్వేయరు అలవాటు చొప్పున ఆ కారణం చుట్టూ తిరిగాడు. తట్టాడు. ఎక్కడా పగుల్లేదు. ఫోను దాన్ని చెయ్యలేదు, వయసు దాన్ని తగ్గించలేదు, మొహం మొత్తేది కాదు. ఎన్నేళ్ళయింది అన్న పాత ప్రశ్న దానంతటదే మెదిలింది. జవాబు ఆయనకి తెలుసు. బీరువా వయసే దానికీ. అంత పాతదైనా రవ్వంత తరగలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకి నష్టపోయినవాళ్ళ మొహం చూడాలనిపించింది. ముందు బల్ల మీద భార్య వీపే కనిపిస్తోంది.

మిగతా క్లాసు అంతా ఆయన చెవికి చప్పుడే. ఒక్క ముక్క అర్థం కాలేదు. భార్య మధ్యమధ్య జవాబులు చెప్పింది, పక్కమ్మాయితో గుసగుసలాడి టీచరమ్మ చేత చీవాట్లు తింది. అవి తిని కూడా హాయిగానే ఉంది. ఆ గదిలో ఆమెకి ఎవరి మాటా సర్దాల్సిన పని లేదు. ఆయనకి కోపం రావాల్సింది, రాలేదు. వచ్చింది సిగ్గు. పాతికేళ్ళకు పైగా అలవాటు లేని వస్తువు కావడంతో అదేమిటో పోల్చుకోడానికి ఆయనకి కొంత సేపు పట్టింది.

క్లాసవగానే మిషన్లాయన, "చేరుతున్నారా మరి?" అని అడిగాడు. సర్వేయరు తల అడ్డంగా ఊపి, ఊగే కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, స్కూటరు దగ్గర నిలబడ్డాడు. చేరాలన్న ఆలోచన ఆయనకి రాలేదని కాదు. ఇంత విన్న తర్వాత కూడా ఒక్క క్షణం వచ్చింది. మూడు నెలలు గట్టిగా కూర్చుంటే ఆమెని దాటిపోవచ్చని కూడా తోచింది. అలాంటి బుద్ధి. దాన్ని మాత్రం, పాపం, ఆయనే గొంతు పిసికి అక్కడే పడేశాడు. బతుకంతటికీ ఆయన చేసిన ఒక మంచి పని అదే కావచ్చు. అది ఎవరికీ కనబడలేదు.

భార్య వచ్చి వెనక ఎక్కింది. ట్రాఫిక్ దీపం దగ్గర ఆగినప్పుడు, "అక్కడ నువ్వేం చెప్పావు, లేచి?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"ఏదో పాఠంలో మాట" అంది ఆమె.

ఇంట్లో బావమరిది కూర్చుని ఉన్నాడు. తనే టీ పెట్టుకుని తాగుతున్నాడు. ఇద్దర్నీ చూసి గ్లాసు కింద పెట్టి లేచాడు. తీర్పు వినడానికే వచ్చాడు మరి. అక్క తరఫున పోట్లాడ్డానికి మాటలు కూడా వెతికి పెట్టుకున్నట్టున్నాడు, పెదాలు కదులుతున్నాయి.

"ఏం తేల్చావు బావా?"

సర్వేయరు బూట్లు విప్పుతూ తలెత్తాడు. భార్య బల్ల దగ్గర నిలబడి గ్లాసులో నీళ్ళు పోసుకుంటోంది. కూజా గ్లాసు మీద వంచి ఉంది, నీళ్ళు పడటంలేదు. భుజాలు కదలడంలేదు. పొద్దుట నించీ సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళందరి చేతా ఏం చేయిస్తుందో, ఇప్పుడదే ఆమె చేస్తోంది. ఊపిరి బిగపట్టింది. చూడండి అని అంత తేలిగ్గా చెప్పిన మనిషి లోపల ఎంత భయపడిందో ఆయనకి అప్పుడు తెలిసింది. దండగ అనే మాట ఇంకా నాలుక మీదే ఉంది. అంటే చాలు, రేపటినించి సాయంత్రాలు భోజనం వేడిగా ఉంటుంది.

"నేను తేల్చలేనురా" అన్నాడు. "నాకా భాష రాదు."

భార్య భుజాలు దిగాయి. గ్లాసులోకి నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది.

బావమరిది అంతగా కూడగట్టుకొచ్చిన మాటలు ఇప్పుడెందుకూ పనికి రావు. సంతోషించాల్సినవాడు, మొహంలో సంతోషం లేదు. ఏదో లెక్క మనసులో తిరిగి మొదట్నించీ వేసుకుంటున్నాడు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"బేకరీ పని నీకొచ్చా బావా?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు, అన్నాళ్ళూ తనకి ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదా అన్నట్టు.

సర్వేయరు ఒక బూటు విప్పి, ఒకటి విప్పకుండా, అలవాటుగా భార్య వైపు చూశాడు. కూర చల్లారిపోతోందనో ఫ్యాను తగ్గించమనో ఆమె అనాల్సిన సమయం ఇదే. ఆమె నీళ్ళు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. తమ్ముడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన ఏం చెబుతాడో వినడానికి ఆయన మొహంలోకి చూసింది.